సగటు పెరిగినా అంతరం తగ్గకపోతే: నాణ్యత మెరుగుదలలో ఆరోగ్య సమన్యాయం

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు ఒక ఆసుపత్రి నాణ్యత విభాగంలో పనిచేస్తున్నారు. రక్తపోటు నియంత్రణ మీద ఏడాదికి పైగా నడిపిన ప్రాజెక్టులో మొత్తం మీద ఫలితం బాగా మెరుగైంది కానీ, అదే ఫలితాన్ని రోగులు మాట్లాడే భాష, నివసించే ప్రాంతం వారీగా విడదీసి చూస్తే ఒకటి రెండు సమూహాల్లో కదలికే కనిపించలేదు. ఇప్పుడు యాజమాన్యం ఆరోగ్య సమన్యాయాన్ని, అంటే ఏ సమూహానికి చెందినవారైనా మంచి వైద్యం, మంచి ఫలితం అందుకోగలగటాన్ని, కూడా లక్ష్యాల్లో చేర్చమంటోంది. ఉన్న ప్రాజెక్టు విఫలమైనట్టేనా, సమన్యాయం కోసం వేరే ప్రాజెక్టు పెట్టాలా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీ సందేహాలు.

వేరే ప్రాజెక్టు పెట్టవద్దన్నదే నా సలహా. అలా పెడితే దానికో కమిటీ, ఆ కమిటీకో నివేదిక ఏర్పడతాయి. అసలు చికిత్స నడిచే తీరు మాత్రం పాత సగటునే చూసుకుంటూ సాగిపోతుంది. మీ దగ్గర ఇప్పటికే లక్ష్య ప్రకటన, కొలమానాలు, చిన్న చిన్న ప్రయోగాలు, నెలవారీ సమీక్ష ఉన్నాయి. సమన్యాయం చేరవలసింది వాటిలోపలికే. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2001లో మంచి వైద్యానికి ఆరు లక్షణాలు చెప్పింది: భద్రత, ఫలవంతత, రోగి కేంద్రంగా ఉండటం, సకాలంలో అందటం, వృథా లేకపోవటం, సమన్యాయం. మొదటి ఐదింటికీ ఆసుపత్రులు కొలమానాలు తయారుచేసుకున్నాయి గానీ ఆరోది చాలాకాలం నివేదికల ముందుమాటల్లోనే ఉండిపోయింది. 2008లో ప్రతిపాదించిన మూడు లక్ష్యాల చట్రంలో, అంటే రోగి అనుభవం, జనాభా ఆరోగ్యం, తలసరి ఖర్చు అన్నవాటిలో, దానికి విడిగా చోటు లేదు. తరువాత సిబ్బంది శ్రేయస్సు నాలుగో లక్ష్యంగా చేరగా, సమన్యాయాన్ని అయిదోదిగా చేర్చాలన్న ప్రతిపాదన 2022లో గానీ రాలేదు. ఇంత ఆలస్యంగా వచ్చినందువల్లనే చాలాచోట్ల దీన్ని అదనపు బాధ్యతగా చూస్తున్నారని నా అభిప్రాయం.

ప్రాజెక్టు విఫలమైందా అన్న సందేహానికి ముందు కొంచెం లెక్క చూడాలి. ఉదాహరణకు ఒక సమూహంలో 1000 మంది, మరొక సమూహంలో 100 మంది రోగులు ఉన్నారనుకుందాం. మొదటి సమూహంలో రక్తపోటు అదుపులో ఉన్నవారు 60 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు. రెండో సమూహంలో 40 శాతం దగ్గరే ఆగిపోయారు. మొత్తం ఫలితం 58.2 శాతం నుంచి 67.3 శాతానికి పెరుగుతుంది. అందరూ సంతోషించే పెరుగుదల అది. కానీ రెండు సమూహాల మధ్య అంతరం 20 పాయింట్ల నుంచి 30 పాయింట్లకు పెరిగింది. రెండో సమూహం 40 నుంచి 35 శాతానికి దిగజారి ఉన్నా మొత్తం ఫలితం 66.8 శాతంగా కనిపించేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. కాబట్టి మీ ప్రాజెక్టు విఫలం కాలేదు. అది ఎవరికి పనిచేసిందో చెప్పగలిగే కొలమానం మొదటి నుంచీ మీ దగ్గర లేదు, అంతే.

ఇలా జరగటం అరుదేమీ కాదు. ఆరోగ్య సేవల అవసరం ఎక్కువగా ఉన్నచోటే అవి తక్కువగా అందుతాయని బ్రిటన్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే సూత్రీకరించాడు. కొత్త ఆరోగ్య కార్యక్రమం ఏది వచ్చినా ముందు మెరుగైన స్థితిలో ఉన్నవారే దాన్ని అందుకుంటారని, అంతరం మొదట పెరిగి, వారు ఇక పైకి పోలేని స్థాయికి చేరాకనే తగ్గటం మొదలవుతుందని సెజార్ విక్టోరా, ఆయన సహచరులు 2000లో బ్రెజిల్ పిల్లల ఆరోగ్య సమాచారం ఆధారంగా చూపించారు. నాణ్యత మెరుగుదలకు కూడా ఇదే వర్తిస్తుంది. మీరు ఫోన్ సందేశాల ద్వారా మందులను గుర్తుచేసే ఏర్పాటు పెడితే, ఫోన్ తన చేతిలో ఉండి, ఆ సందేశం భాష చదవగలిగి, మందు కొనుక్కోగలిగిన మనిషికే అది ముందుగా ఉపయోగపడుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు.

అయితే మెరుగుదల పని ఎప్పుడూ అంతరాన్ని పెంచుతుందని కూడా అనలేము. అమెరికాలో డయాలసిస్ కేంద్రాల నాణ్యత మీద మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) ఆధ్వర్యంలో నడిచిన కార్యక్రమం దీనికి మంచి సాక్ష్యం. 1993లో తగినంత మోతాదులో డయాలసిస్ అందుతున్నవారు తెల్లవారిలో 46 శాతం, నల్లవారిలో 36 శాతం. 2000 నాటికి అవి 87 శాతానికి, 84 శాతానికి చేరాయి. 10 పాయింట్ల అంతరం 3కు తగ్గింది. ఇది ఏ ఒక్క జాతిని ఉద్దేశించి రూపొందించిన కార్యక్రమం కాదు. మరి అంతరం ఎందుకు తగ్గింది? నేను అర్థం చేసుకున్నంతలో దీనికి రెండు కారణాలు. డయాలసిస్ రోగులు సాధారణంగా వారానికి మూడుసార్లు అదే కేంద్రానికి వస్తారు కాబట్టి ఎవరూ లెక్కలోంచి జారిపోరు. మోతాదును నిర్ణయించే అంశాలు, అంటే యంత్రం మీద ఉంచే సమయం, ఫిల్టర్, రక్తప్రవాహ వేగం, చాలావరకు కేంద్రం చేతిలోనే ఉంటాయి. రక్తపోటు నియంత్రణ అలాంటిది కాదు. రోగి పని మానుకుని రావాలి, మందు కొనాలి, రోజూ వేసుకోవాలి, మళ్ళీ రావాలి. ఏ ప్రక్రియలో భారం ఆసుపత్రి మీద కాక రోగి మీద ఎక్కువగా పడుతుందో, ఆ ప్రక్రియలో సగటు పెరిగినప్పుడు అంతరం కూడా పెరిగే అవకాశం ఎక్కువ. మీ ప్రాజెక్టులోని ప్రతి మెట్టునూ ఈ దృష్టితో ఒకసారి పరిశీలించండి: ఇక్కడ పని చేయవలసింది మనమా, రోగా?

ఇక కొలమానం సంగతికి వస్తే, చాలామంది లవం మీద శ్రమించి హారాన్ని వదిలేస్తారు. రక్తపోటు అదుపులో ఉన్నవారి శాతం అన్నప్పుడు, ఎంతమందిలో అన్నది ఎవరు నిర్ణయించారు? గత ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు వచ్చినవారినే లెక్కలోకి తీసుకుంటే, ఒకసారి వచ్చి మళ్ళీ రానివారు హారంలో ఉండరు. అసలు ఇబ్బంది వారిదే. ఇంగ్లండులో 2004లో కుటుంబ వైద్యులకు నాణ్యతా సూచికల ఆధారంగా చెల్లింపులు మొదలుపెట్టినప్పుడు, సంపన్న ప్రాంతాలకూ పేద ప్రాంతాలకూ మధ్య ఆ సూచికల సాధనలో ఉన్న అంతరం మూడేళ్ళలో 4.0 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గింది. నిజంగా గొప్ప ఫలితమే. అయితే పిలిచినా రానివారిని, చికిత్స సరిపడనివారిని వైద్యులు కారణం చూపి లెక్కలోంచి మినహాయించే వెసులుబాటు కూడా ఆ పథకంలో ఉంది. అలాంటి వెసులుబాటుకు సమర్థన లేకపోలేదు; అది లేకపోతే అనవసరమైన చికిత్స అంటగట్టే ప్రమాదం ఉంటుంది. కానీ మినహాయింపుల సంఖ్యను కూడా సమూహాల వారీగా, ప్రధాన కొలమానం పక్కనే చూపించకపోతే మీకు కనిపించేది సగం చిత్రమే.

సమూహాల వారీగా చూడాలంటే ముందు ఆ సమాచారం సరిగ్గా ఉండాలి. రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చున్నవారు ముఖం చూసో, పేరు చూసో ఊహించి నింపిన వివరాలకు విలువ తక్కువ. రోగి స్వయంగా చెప్పినదే ప్రమాణం. ఎందుకు అడుగుతున్నామో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి, చెప్పకుండా ఉండే హక్కు ఉందని స్పష్టం చేయాలి, చెప్పిన సమాచారం ఎవరు చూస్తారో తెలియజేయాలి. తమ వివరాలు తమకే వ్యతిరేకంగా వాడతారని భయపడే సమూహాలు ఉంటాయి, ఆ భయానికి చరిత్రలో కారణాలూ ఉంటాయి. ఏ వర్గంలోనూ నమోదు కానివారిని 'వివరం లేదు' అన్న ప్రత్యేక వరుసగా తప్పనిసరిగా చూపించండి; అత్యంత దారుణమైన ఫలితాలు తరచుగా ఆ వరుసలోనే దాగి ఉంటాయి. అన్ని వివరాలూ సమకూరేదాకా ఆగనక్కరలేదు. దుభాషి అవసరం, బీమా రకం, చిరునామా, వైకల్యం వంటివి చాలా ఆసుపత్రుల రికార్డుల్లో ఇప్పటికే ఉంటాయి. వాటితో మొదలుపెట్టవచ్చు.

చిన్న సమూహాల విషయంలో జాగ్రత్త అవసరం. 20 మంది ఉన్న సమూహంలో ఇద్దరి ఫలితం మారితే 10 పాయింట్లు కదులుతాయి. నెల నెలా ఎక్కుతూ దిగుతూ ఉండే ఆ గీతను చూసి బృందం ఒక నెల పండుగ చేసుకుని, మరుసటి నెల నిరుత్సాహపడుతుంది. అటువంటప్పుడు మూడు నెలలవో ఆరు నెలలవో కలిపి చూడటం, అంకెల కదలికను కాలక్రమంలో గీసి, అది నిజమైన మార్పా, యాదృచ్ఛికమా అని చెప్పే రన్ చార్టు లేదా కంట్రోల్ చార్టు నియమాలను ప్రతి సమూహానికీ విడిగా వర్తింపజేయటం మేలు. సంఖ్య చిన్నదని ఆ సమూహాన్ని 'ఇతరులు' అన్న పద్దులో కలిపేయటం మాత్రం సులువైన తప్పు. పదిమంది రోగుల కేసు పత్రాలు కూర్చుని చదివితే, గణాంకపరంగా ఏదీ నిరూపించలేకపోయినా, ప్రక్రియ ఎక్కడ తెగిపోతోందో తెలిసిపోతుంది.

అంతరాన్ని ఎలా కొలుస్తారన్నది కూడా ముందే రాసి పెట్టుకోండి. అపాయింట్‌మెంటుకు రానివారు ఒక సమూహంలో 10 శాతం నుంచి 5కు, మరొక దానిలో 20 శాతం నుంచి 12కు తగ్గారనుకుందాం. తేడాగా చూస్తే అంతరం 10 నుంచి 7 పాయింట్లకు తగ్గింది. నిష్పత్తిగా చూస్తే 2 రెట్ల నుంచి 2.4 రెట్లకు పెరిగింది. రెండూ నిజమే. ఫలితం వచ్చాక మనకు అనుకూలమైనదాన్ని ఎంచుకునే వీలు ఉండకూడదంటే, రెండింటినీ చూపిస్తామని మొదట్లోనే నిర్ణయించుకోవాలి. వాటితోపాటు ప్రతి సమూహపు అసలు స్థాయినీ చూపించాలి. ఎందుకంటే మెరుగ్గా ఉన్నవారి ఫలితం దిగజారినా అంతరం తగ్గుతుంది. అటువంటి సమానత్వం ఎవరికీ అక్కరలేదు.

కొలమానంలోనే వివక్ష దాగి ఉండవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో అంచనా వేయటానికి అమెరికాలో విస్తృతంగా వాడిన ఒక అల్గారిథంను (కంప్యూటర్ లెక్కింపు పద్ధతిని) జియాద్ ఓబర్‌మేయర్ బృందం పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించింది. ఆ అల్గారిథం జబ్బు తీవ్రతకు బదులుగా ఆ రోగి మీద అయ్యే ఖర్చును అంచనా వేస్తోంది. చికిత్స తక్కువగా అందినవారి మీద ఖర్చు తక్కువే అవుతుంది కాబట్టి, అంతే జబ్బున్న నల్లజాతి రోగులు తక్కువ అవసరం ఉన్నవారిగా లెక్కకు వచ్చారు. ఆ లోపం సరిచేస్తే అదనపు సహాయానికి అర్హులయ్యేవారిలో వారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది. పరికరాలూ దీనికి మినహాయింపు కాదు. పల్స్ ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం వరకు ఆక్సిజన్ చూపిస్తున్నప్పుడు, ధమని రక్త పరీక్షలో నిజానికి 88 కంటే తక్కువ ఉన్నవారు తెల్లవారిలో 3.6 శాతం కాగా నల్లవారిలో 11.7 శాతమని 2020లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అటువంటి పరికరపు అంకె ఆధారంగా 'ఆక్సిజన్ సకాలంలో ఇచ్చామా' అన్న సూచిక తయారుచేస్తే, పరికరం కనిపెట్టలేని రోగి ఆ సూచికలోకే రాడు.

ఫలితాలను బహిరంగపరచటం, వాటికి డబ్బును ముడిపెట్టటం గురించి మీ యాజమాన్యం ఆలోచిస్తూ ఉంటే ఈ ఉదాహరణలను వారి ముందుంచండి. న్యూయార్క్ రాష్ట్రంలో 1990 దశకం ఆరంభంలో గుండె బైపాస్ శస్త్రచికిత్స మరణాల రేట్లను బహిరంగపరచారు. ఆ వెంటనే ఆ శస్త్రచికిత్స తెల్లవారికి జరగటానికీ, నల్లజాతివారికి, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) ప్రజలకు జరగటానికీ మధ్య అంతరం అక్కడ పెరిగిందని, పోలిక కోసం తీసుకున్న ఇతర రాష్ట్రాల్లో అలా పెరగలేదని, న్యూయార్క్‌లో పెరిగిన అంతరం కాలక్రమంలో పూర్వస్థాయికి వచ్చిందని 2005లో ప్రచురితమైన అధ్యయనం పేర్కొంది. ప్రమాదం ఎక్కువనిపించే రోగిని ముట్టుకోకపోవటమే తన అంకెను కాపాడుకునే దారి అని వైద్యుడు భావించే అవకాశం ఉందన్నమాట. మరొక పక్క, డిశ్చార్జ్ అయినవారు తిరిగి చేరితే జరిమానా విధించే మెడికేర్ పథకం 2012లో మొదలైనప్పుడు, పేద రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రులే ఎక్కువగా నష్టపోతున్నాయన్న విమర్శ వచ్చింది. 2016లో చేసిన చట్టం ప్రకారం 2019 ఆర్థిక సంవత్సరం నుంచి ఆసుపత్రులను వాటికి వచ్చే పేద రోగుల వాటాను బట్టి అయిదు సమాన శ్రేణులుగా విభజించి, ఏ శ్రేణిలోని వాటిని ఆ శ్రేణిలోని వాటితోనే పోలుస్తున్నారు. చెల్లింపుల కోసం ఇలా సర్దుబాటు చేయటం న్యాయమే. కానీ మెరుగుదల కోసం మీ ఆసుపత్రిలోపల చూసుకునే అంకెలను పేదరికానికి సర్దుబాటు చేయవద్దు. చేశారంటే, చూడవలసిన అంతరమే ఆ లెక్కలో మాయమవుతుంది.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి వస్తాను. లక్ష్య ప్రకటనను తిరగరాయండి. 'ఫలానా తేదీకల్లా ఇంత శాతం' అన్న దానితోపాటు, 'ఫలానా సమూహంలో ఇంత శాతం, రెండింటి మధ్య అంతరం ఇంతకు మించకుండా' అన్న మాట అదే వాక్యంలో ఉండాలి. అనుబంధంగా వేరే పేజీలో ఉంటే సమీక్షలో ఎవరూ ఆ పేజీ తిప్పరు.

ఆ తరువాత కారణాల విశ్లేషణ. చేపముల్లు చిత్రం (ఒక సమస్యకు కారణాలను చేపముల్లు కొమ్మల్లా గీసేది) గీసేటప్పుడు 'రోగి' అన్న కొమ్మ మీద 'మందులు సరిగ్గా వాడరు', 'అవగాహన లేదు', 'చెప్పినా వినరు' అన్నవి వరుసగా చేరిపోతాయి. ఆ కొమ్మ మీది ప్రతి అంశాన్నీ ఆసుపత్రి చేసే పనిగా మార్చి రాయమని బృందాన్ని అడగండి. 'మందులు సరిగ్గా వాడరు' అన్నది 'పదిహేను రోజులకే మందులిచ్చి, మళ్ళీ వరుసలో నిలబడమంటున్నాము' అవుతుంది. 'చెప్పినా వినరు' అన్నది 'దుభాషి లేకుండా, వెంట వచ్చిన పిల్లవాడి చేత చెప్పించాము' అవుతుంది. మొదటి రకం కారణాలకు దొరికే పరిష్కారం ఎప్పుడూ మరొక కరపత్రమే. రెండో రకం కారణాల దగ్గర మార్చగలిగిన ప్రక్రియ కనిపిస్తుంది. ఆ సమూహానికి చెందిన రోగులు ఆ గదిలో ఉంటే ఈ తిరగరాత చాలా వేగంగా జరుగుతుంది.

ప్రయోగాలను ఎక్కడ చేస్తున్నామన్నది మూడో సంగతి. ప్రణాళిక, అమలు, అధ్యయనం, తదుపరి చర్య అన్న పీడీఎస్ఏ చక్రాన్ని మనం సాధారణంగా ఉత్సాహమున్న బృందంతో, సులువైన రోగులతో, వారం మధ్యలో పగటిపూట మొదలుపెడతాము. అక్కడ కుదిరినదాన్ని అందరికీ విస్తరిస్తాము. అలా తయారైన పద్ధతి సులువైన రోగులకే సరిపోతుంది. మొదటి ప్రయోగమే కష్టమైన చోట చేయమని కొందరు అంటారు. బృందం ఆదిలోనే చతికిలబడే ప్రమాదం ఉంది కాబట్టి నేను అంతదూరం పోను. రెండో ప్రయోగం మాత్రం తప్పకుండా వెనకబడిన సమూహంతోనే జరగాలి, అక్కడ పనిచేసేదాకా విస్తరణ ఊసెత్తకూడదు.

ఇలా చేస్తే ఏం సాధ్యమో చూపించిన ప్రయత్నాల్లో అమెరికాలోని రెండు కేన్సర్ కేంద్రాల్లో జరిగిన 'అక్యూర్' అధ్యయనం నాకు అన్నిటికంటే ఉపయోగపడింది. ప్రారంభ దశ ఊపిరితిత్తుల, రొమ్ము కేన్సర్ రోగుల విషయంలో వారు మూడు పనులు చేశారు. రోగి అపాయింట్‌మెంటుకు రాకపోయినా, చికిత్సలో జరగవలసిన మెట్టు సమయానికి జరగకపోయినా వెంటనే హెచ్చరించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు పెట్టారు. ఆ హెచ్చరిక అందుకుని రోగితో మాట్లాడి అడ్డంకి తొలగించే బాధ్యతను ప్రత్యేకంగా శిక్షణ పొందిన నావిగేటర్ నర్సుకు అప్పగించారు. చికిత్స పూర్తయిన రేట్లను జాతి వారీగా వైద్య బృందాలకు చూపించారు. అంతకుముందు చికిత్స పూర్తిచేసుకున్నవారు నల్లవారిలో 79.8 శాతం, తెల్లవారిలో 87.3 శాతం, ఈ ఏర్పాటు తరువాత 88.4 శాతం, 89.5 శాతం. అంతరం దాదాపు మూసుకుపోయింది, తెల్లవారికీ మేలే జరిగింది. మీ యాజమాన్యంలో ఎవరైనా 'కొందరి మీద దృష్టి పెడితే మిగతావారికి అన్యాయం కాదా' అని అడిగితే ఈ అంకెలు చూపించండి. ఈ మూడింటిలో ప్రధానమైనది నర్సు అని నేననుకుంటాను. అందుకోవలసిన మనిషి, ఆ పనికి కేటాయించిన సమయం లేకుండా హెచ్చరికలు ఎన్ని మోగినా ప్రయోజనం లేదు.

రోగి భద్రత గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట చేరుస్తాను. ప్రమాద నివేదికలు, ఫిర్యాదులు గొంతు ఉన్నవారి నుంచే ఎక్కువగా వస్తాయి. ఆసుపత్రి వాడే భాష రానివారి నుంచి ఫిర్యాదులు లేవంటే అక్కడ పొరపాట్లు జరగటం లేదని అర్థం కాదు. ప్రతి సంఘటనా పత్రంలో దుభాషి అవసరమా, వాడారా అన్న రెండు గడులు చేర్చితే చాలు, కొద్ది నెలల్లోనే ఆలోచించవలసిన విషయాలు బయటపడతాయి.

ఖర్చు విషయంలో యాజమాన్యానికి ముందే నిజం చెప్పటం మంచిది. సమన్యాయం వల్ల డబ్బు ఆదా అవుతుందన్న వాదన వినసొంపుగా ఉంటుంది, కొన్ని విషయాల్లో దీర్ఘకాలంలో నిజం కూడా కావచ్చు. కానీ ఇంతకాలం రానివారు రావటం మొదలుపెడితే మొదటి ఒకటి రెండేళ్ళు పరీక్షలు, మందులు, దుభాషి సేవలు పెరుగుతాయి. ఆ పెరుగుదలను వైఫల్యంగా చదవకుండా ఉండాలంటే అది వస్తుందని ప్రణాళికలోనే రాసి ఉండాలి. సలహా కోసం పిలిచే రోగులకు, వారి కుటుంబసభ్యులకు వారు వెచ్చించే సమయానికి డబ్బు చెల్లించే పద్దు కూడా అందులోనే పెట్టండి. పని గంటల్లో, చెల్లింపు లేకుండా సమావేశం పెడితే వచ్చేవారు మీరు వినవలసిన సమూహంవారు కారు.

రాబోయే సమీక్షకు అన్ని సూచికలనూ విడదీసి తీసుకువెళ్ళకండి. రక్తపోటు సూచిక ఒక్కదాన్నే, భాష వారీగా, హారంతో, మినహాయింపులతో, 'వివరం లేదు' వరుసతో సహా ఒక పేజీ మీద పెట్టండి. దాని కిందే, కదలిక లేని సమూహంలోంచి చదివిన పది కేసుల్లో ప్రక్రియ ఎక్కడెక్కడ తెగిందో రాయండి. తదుపరి ప్రయోగం ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా అన్నది తేలకుండా ఆ అంశాన్ని ముగించనివ్వకండి.